అప్‌డేట్: వెనుక ఫ్రేము పొడిగింపుపై లెక్క తేలింది

కోనసీమలో తోట నుంచి అమలాపురానికి కొబ్బరికాయలు చేరవేయడానికి నా మోటార్‌సైకిల్ వెనుక ఫ్రేమును 400 మిల్లీమీటర్లు పొడిగించి, చివరన 60 కిలోలు మోయించవచ్చా అని లోగడ ఇక్కడ అడిగాను. గొట్టాలపై ఒత్తిడి ఎంతో లెక్కేసి చూడమన్నారు, అలాగే లెక్కించాను. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం గల రెండు గొట్టాలు వాడితే, బండి నిలిచి ఉన్నప్పుడు అవి పాత ఫ్రేముకు కలిసే అతుకు దగ్గర ఒత్తిడి సుమారు 153 మెగాపాస్కల్‌లు (ఒత్తిడికి కొలమానం). సాధారణ ఉక్కు దాదాపు 250 వరకు శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకుంటుంది గనుక మొదట ధైర్యం కలిగింది. అయితే కాలువగట్టు గోతుల్లో కుదుపుకు బరువు మూడింతలవుతుందనుకుంటే ఆ ఒత్తిడి 458కి చేరి, ఉక్కు తట్టుకునే హద్దు దాటిపోతుంది. వెల్డింగ్ అతుకు పక్కనే పగులు మొదలయ్యే ప్రమాదం దీనికి అదనం.

కింది నుంచి 30 డిగ్రీల ఏటవాలుగా ఊతగొట్టాలు పెడితే వంపు చాలావరకు పోయి, అదే కుదుపులో ఆ గొట్టాలపై నొక్కుడు 12 మెగాపాస్కల్‌లే ఉంటుంది. ఇంత తేడా నేను ఊహించలేదు. కానీ వెనుక ఇరుసు దాటిన బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది, దాన్ని ఏ ఊతా సరిచేయదు. పైగా తయారీదారు నిర్దేశించిన నిర్మాణాన్ని మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. అందుకే ఫ్రేమును కోయకుండా, కాయలను రెండు విడతలుగా తీసుకెళ్తున్నాను.