ట్రాన్స్‌కోను నడిపిన అధికారే ఈఆర్‌సీ ఛైర్మన్ అయితే? అభ్యంతరం ఎప్పుడు, ఎక్కడ చెప్పాలి?

మీటర్‌రీడింగ్:
విద్యుత్ ఛార్జీలు ఖరారు చేసే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) ఛైర్మన్ పదవి ఖాళీ అయినప్పుడల్లా ఇంధన శాఖ కార్యదర్శిగానో, ట్రాన్స్‌కో (ప్రసార సంస్థ), జెన్‌కో (ఉత్పత్తి సంస్థ) అధిపతిగానో (సీఎండీ) చేసినవాళ్ల పేర్లు వినిపిస్తుంటాయి. ఛార్జీలు పెంచమని పిటిషన్ వేసేది డిస్కంలు (పంపిణీ సంస్థలు). వాటి యజమాని రాష్ట్ర ప్రభుత్వం. తీర్పు చెప్పే మనిషిని నియమించేదీ ఆ ప్రభుత్వమే. దీనికితోడు, సీఎండీగా ఆయన సంతకం పెట్టిన పీపీఏ (విద్యుత్ కొనుగోలు ఒప్పందం) మీదే వివాదం వచ్చి ఆయన బెంచి ముందుకు చేరితే పరిస్థితి ఏంటి? దీన్ని చట్టం ఎక్కడైనా ఆపుతుందా? నియామకానికి ముందు వినియోగదారుడు చెయ్యగలిగింది ఏమైనా ఉందా? నియామకం అయ్యాక కోర్టుకెళ్తే నిలబడుతుందా? తెలిసినవాళ్లు సెక్షన్ల నంబర్లతో చెప్పండి.

ధారా85:
2003 విద్యుత్ చట్టం సెక్షన్ 85 దగ్గర మొదలుపెట్టండి. ఎంపిక కమిటీలో ముగ్గురుంటారు. హైకోర్టు జడ్జిగా చేసిన వ్యక్తి అధ్యక్షుడు. రాష్ట్ర ప్రధాన కార్యదర్శి ఒక సభ్యుడు. రెండో సభ్యుడు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఛైర్‌పర్సన్ గానీ, కేంద్ర నియంత్రణ మండలి ఛైర్‌పర్సన్ గానీ. పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందే ప్రభుత్వం ఈ కమిటీకి రాయాలి. కమిటీ మూడు నెలల్లో తేల్చి, ఒక్కో ఖాళీకి రెండు పేర్లు పంపాలి.

మీకు కావాల్సింది 85(5). పేరు సిఫారసు చేసేముందు, ఆ వ్యక్తికి విధి నిర్వహణను దెబ్బతీసే ఆర్థిక ప్రయోజనం గానీ ఇతర ప్రయోజనం గానీ లేదని కమిటీ సంతృప్తి చెందాలి. చెందాలి సరే, ఎలా? ఏ ఫారం నింపించాలి, ఎన్నేళ్ల వెనక్కి చూడాలి, భార్యాపిల్లల పేరిట ఉన్న షేర్లు లెక్కలోకి వస్తాయా అన్నవేవీ ఆ సెక్షన్‌లో లేవు. అభ్యర్థి ఇచ్చిన ఒక్క పేజీ డిక్లరేషన్ తీసుకుని 'చూశాం' అని రాసేసినా చట్టం మాట నిలబెట్టినట్టే కనిపిస్తుంది. అసలు బలహీనత ఇదే.

ఇంకో సంగతి చాలామంది దృష్టికి రాదు. హైకోర్టు సిట్టింగ్ లేదా మాజీ జడ్జిని ఛైర్మన్‌గా నియమిస్తే సెక్షన్ 85 మొత్తం వర్తించదు. 84(2) కింద హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదిస్తే చాలు. తెలంగాణలో 2024లో జస్టిస్ దేవరాజు నాగార్జున్ వచ్చినట్టుగా మాజీ జడ్జిని తెచ్చుకునే దారి ఇది. ఆయన మీద ఆక్షేపణ కాదు, నేను చెప్పేది చట్టంలోని ఖాళీ గురించి. జడ్జి అయినంత మాత్రాన కుటుంబానికి విద్యుత్ కంపెనీల్లో వాటాలు ఉండవని లేదు కదా. ఆ పరీక్షను జడ్జిలకు కూడా పెట్టాల్సింది.

పాతఫైలు:
ధారా85 గారు చెప్పినదానికి వయసు లెక్క కలపండి. సెక్షన్ 89 ప్రకారం పదవీకాలం ఐదేళ్లు, గరిష్ఠ వయసు 65. ఐఏఎస్ అధికారి 60కి రిటైరవుతాడు. ఐదేళ్లూ పూర్తిగా దక్కాలంటే రిటైరైన వెంటనే కుర్చీ ఎక్కాలి. అంటే ఎంపిక జరిగే కాలానికి ఆయన ఇంకా సర్వీసులోనే ఉంటాడు. ఒకవేళ అప్పుడు ఇంధన శాఖలోనే ఉంటే, కమిటీకి రాసే ఫైలు ఆయన టేబుల్ మీదుగానే వెళ్తుంది. నోట్‌ఫైల్‌లో ఆ తేదీల్లో ఎవరి పొట్టి సంతకాలున్నాయో చూస్తే చాలు, విషయం తెలిసిపోతుంది. దీనికి 1969 నాటి ఎ.కె. క్రైపాక్ తీర్పు సరిగ్గా అతుకుతుంది. అక్కడ అటవీ సర్వీసు ఎంపిక బోర్డులో కూర్చున్న సభ్యుడే ఆ పోస్టుకు అభ్యర్థి. తన పేరు చర్చకొచ్చినప్పుడు బయటికెళ్లాడు, అయినా సుప్రీంకోర్టు ఆ ఎంపికను కొట్టేసింది.

ఇక పాత పదవి విషయం. ట్రాన్స్‌కో సీఎండీగా చేయడం ఒక్కటే అనర్హత అనే వాదన నిలవదు. ఇంజినీరింగ్, ఆర్థికం, న్యాయం, మేనేజ్‌మెంట్ లాంటి వాటిలో అనుభవం ఉండాలని 84(1) తానే అడుగుతోంది. కాబట్టి అభ్యంతరాన్ని వ్యక్తి మీద కాకుండా ఫలానా పిటిషన్ మీద పెట్టండి. ఏటా ఛార్జీల కోసం డిస్కంలు వేసే ఆదాయ అవసరాల పిటిషన్ వినకూడదు అంటే ఎవరూ ఒప్పుకోరు. ఆయన సంతకం చేసిన పీపీఏ మీద 86(1)(ఎఫ్) కింద వచ్చిన వివాదం వినకూడదు అంటే మాత్రం గట్టి వాదన. తన నిర్ణయం మంచిచెడ్డలు తానే చెప్పాల్సి వస్తుంది మరి.

డబ్బు ప్రమేయం లేకపోయినా పక్షపాత భయం చెల్లుతుంది. తెలంగాణ విద్యుత్ కొనుగోళ్లు, భద్రాద్రి, యాదాద్రి ప్లాంట్ల మీద వేసిన విచారణ కమిషన్‌లో 2024 జులైలో జరిగింది అదే. విచారణ ముగియకముందే జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి విలేకరుల సమావేశంలో అభిప్రాయం చెప్పారని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆయన తప్పుకున్నారు, జస్టిస్ మదన్ బి. లోకూర్ వచ్చారు. అది ఈఆర్‌సీ కాదు, విచారణ కమిషన్, కానీ సూత్రం ఒకటే.

ఛైర్మన్‌ను ఆ కేసు నుంచి తప్పుకోమని అడిగే దరఖాస్తు మొదటి వాయిదాకే వెయ్యాలి. వాదనలన్నీ అయ్యాక, గాలి ఎదురు తిరిగిందని తెలిశాక వేస్తే 1957 నాటి మానక్‌లాల్ తీర్పు చూపించి, తెలిసీ ఊరుకున్నారు కాబట్టి హక్కు వదులుకున్నారంటారు. మండలిలో ఛైర్మన్‌తో కలిపి ముగ్గురికి మించరు. ఒక కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు ఛైర్మన్ తప్పుకుంటే మిగిలేది ఒక్కరే, అప్పుడు కోరం (ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య) సమస్య. తప్పుకోకుండా ఇద్దరూ విని చెరోమాట అంటే, 92(3) ప్రకారం ఛైర్మన్‌కు నిర్ణాయక ఓటు ఉంది. అందుకే సభ్యుల ఖాళీల్ని కూడా వెంటపడి అడగాలి. ఇద్దరితో నడిచే మండలిలో ఒక్కరి పక్షపాతం మొత్తం ఉత్తర్వునే మార్చేస్తుంది.

మీటర్‌రీడింగ్:
చాలా ఉపయోగపడిందండీ. నియామకానికి ముందు కాగితం మీద ఏం చెయ్యాలో కూడా ఎవరైనా చెప్తారా? సమాచార హక్కు కింద అడిగితే 'వ్యక్తిగత సమాచారం' అంటారేమో.

రిట్_దాఖలు:
అంటారు. డేటా రక్షణ చట్టంతో సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) మారి, వ్యక్తిగత సమాచారానికి ఇప్పుడు దాదాపు పూర్తి మినహాయింపు ఉంది. కాబట్టి అభ్యర్థి ఆస్తుల వివరాలు అడిగి సమయం పోగొట్టుకోవద్దు. ప్రక్రియను అడగండి. సచివాలయంలో ఇంధన శాఖ పౌర సమాచార అధికారికి, 10 రూపాయల ఫీజుతో: కమిటీ వేసిన జీవో, కమిటీకి ప్రభుత్వం రాసిన తేదీ, 85(5) సంతృప్తిని ఎలా నమోదు చేశారో చూపే మినిట్స్ పేజీ, అందుకు కమిటీ ముందు పెట్టిన పత్రాల జాబితా. ఎంపిక నడుస్తుండగా మినిట్స్ ఇవ్వరు, అందుకే రెండు దరఖాస్తులుగా విడగొట్టండి. తేదీలు, జీవో ఇప్పుడే, మినిట్స్ నియామకం వెలువడ్డాక. కాదంటే 8(2) ప్రజాప్రయోజనం మీద 30 రోజుల్లో మొదటి అప్పీలు. 'అలాంటి రికార్డు మా దగ్గర లేదు' అని జవాబొస్తే నిరాశపడొద్దు. కోర్టులో దానికంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఎంపిక సాగుతుండగానే కమిటీ అధ్యక్షుడికి రిజిస్టర్ పోస్టులో అభ్యంతరం పంపండి, మిగతా ఇద్దరు సభ్యులకూ ప్రతులు వెళ్లాలి. రెండు పేజీలు దాటనివ్వకండి. ఆయన పోస్టింగ్ జీవో, పీపీఏలో సంతకం ఉన్న పేజీ, దాని మీద మండలిలో పెండింగ్‌లో ఉన్న పిటిషన్ల (ఓపీ) నంబర్లు జతచెయ్యండి. విశేషణాలు, ఆరోపణలు వద్దు.

దీని విలువ తర్వాత తెలుస్తుంది. హైకోర్టులో కోవారంటో రిట్ (ఏ అధికారంతో ఆ పదవిలో ఉన్నారని అడిగేది) వేస్తే, ఫలానావాడు తగినవాడా అన్నది కోర్టు చూడదు, చట్టం చెప్పిన ప్రక్రియ నడిచిందా అన్నదే చూస్తుంది. 2011 మార్చి 3న కేంద్ర విజిలెన్స్ కమిషనర్ (సీవీసీ) పి.జె. థామస్ నియామకం కొట్టేసింది కూడా ఆ దారిలోనే. థామస్ మీద పెండింగ్‌లో ఉన్న కేసు గురించీ, శాఖాపరమైన చర్య తీసుకోవాలన్న 2000-2004 నాటి నోటింగుల గురించీ కమిటీ అసలు ఆలోచించలేదన్నది అక్కడి కారణం. మీ ఉత్తరం కమిటీకి అందిందని రుజువుంటే, దాన్ని పట్టించుకోకపోవడమే మీ రిట్‌కు ఆధారం.

అయితే నియామకం రద్దయినా ఈలోగా ఆయన ఇచ్చిన టారిఫ్ ఉత్తర్వు దానంతటది పోదు. గోకరాజు రంగరాజు కేసులో 1981లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో సెషన్స్ జడ్జీల నియామకాలు చెల్లకపోయినా వాళ్లిచ్చిన తీర్పులు చెల్లాయి. ఉత్తర్వు మీద విడిగా, విద్యుత్ చట్టం సెక్షన్ 111 కింద 45 రోజుల్లో విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. రిట్ నడుస్తోంది కదా అని ఆ గడువు వదిలేసుకుంటే ఛైర్మన్ పోయినా పెరిగిన బిల్లు మిగులుతుంది.