ఇంటర్న్‌షిప్ అయిపోవస్తోంది, గైనిక్ తీసుకోవాలా, అనస్థీషియానా?

తోతాపురి_డాక్టర్:
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఇంటర్న్‌షిప్ చివర్లో ఉన్నాను. మాది బంగారుపాళెం దగ్గర పల్లె. నాయనకు మామిడి తోట. రేటు బాగున్న ఏడు నా చదువు గురించి అడగడు, పడిపోయిన ఏడు మాత్రం "ఇంకెన్నాళ్లు పాపా" అంటాడు.

నేను ఎంబీబీఎస్‌లో చేరిన రోజే మా అవ్వ నన్ను కాన్పుల డాక్టరమ్మను చేసేసింది. ఇంటి ముందు గదిలో టేబుల్ ఎక్కడ వేయాలో కూడా చూసిపెట్టింది. గైనిక్ అంటే నాకూ అయిష్టం లేదు, లేబర్ రూమ్‌లో బాగానే పనిచేశాను. కానీ అనస్థీషియాకు వెళ్లాక మనసు అటే పోతోంది. ఒక అర్జెంటు సిజేరియన్‌లో స్పైనల్ (వెన్నులో మత్తు సూది) ఇచ్చాక ఆ తల్లి "వికారంగా ఉంది మేడమ్" అంది. మానిటర్ మీద బీపీ ఇంకా మారలేదు. మా అనస్థీషియా మేడమ్ ఆ మాట వినగానే సిరంజి అందుకున్నారు. తర్వాతి రీడింగ్‌లో బీపీ నిజంగానే పడింది. అప్పటికే మందు లోపలికి వెళ్లింది. నేను మాత్రం అంతసేపూ సర్జన్ చేతుల వైపే చూస్తున్నాను.

గైనిక్‌లో ఏడు వారాలు ఉంటాం, అనస్థీషియాలో రెండే. ఆ కాస్తలో కలిగిన ఇష్టాన్ని నమ్మొచ్చా? ఇంట్లో అయితే "మత్తు డాక్టరా? నీ దగ్గరికి ఎవరొస్తారు?" అంటున్నారు. ఫ్రీలాన్స్ చేసేవాళ్లు నిజం చెప్పండి.

ఏరియా_ఆస్పత్రి_అక్క:
చెల్లీ, నువ్వు చూసింది మంచి సీన్. అలాంటివి రోజూ ఉండవు. మా పనిలో ఎక్కువ భాగం ఏమీ జరగకుండా చూసుకోవడమే. నాలుగు గంటల కేసు ఏ గొడవా లేకుండా సాగుతుంటే నీకు ఫోన్ మీదికి మనసు పోయిందా, లేక చార్ట్ రాస్తూ, ఊపిరి లెక్క చూస్తూ కూర్చోగలిగావా? సిజేరియన్ సంగతి పక్కన పెట్టి, ఆ కేసును గుర్తు తెచ్చుకో.

ఇంకోటి. పేషెంట్ "ఏమీ తినలేదు" అంటాడు. పక్కనున్న వాళ్లమ్మ "రెండిడ్లీలే కదయ్యా తిన్నావు" అంటుంది. మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉండాలి కదా, అర్జెంటు కాని కేసైతే ఆపాల్సింది నువ్వే. సర్జన్ నీకంటే ఇరవై ఏళ్లు సీనియర్, థియేటర్ రెడీ, బయట బంధువులు గోల. అప్పుడు "ఈరోజు వద్దు సార్" అనగలగాలి. మందుల డోసులు ఎవరైనా నేర్చుకుంటారు, ఇది మాత్రం అందరికీ రాదు.

ఫ్రీలాన్స్ గురించి: ఫోన్ వస్తే పనుంది, రాకపోతే లేదు. కొన్ని నర్సింగ్ హోములు డబ్బు ఆలస్యం చేస్తాయి, రెండుసార్లు అడిగించుకుంటాయి. అర్ధరాత్రి రోడ్డు మీద ఉంటావు. అలాగని సర్జన్ల మీదే బతకాలనేం లేదు. ఐసీయూ ఉంది, పెయిన్ క్లినిక్ ఉంది. మన వైపు కట్లపాము కేసులు తెలుసుగా. కనురెప్పలు వాలిపోతూ వస్తారు. విరుగుడు ఇచ్చినా నరాల మీద పడిన దెబ్బ వెంటనే తగ్గదు, రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాలి. అలాంటి మనిషి లేచి నడిచి ఇంటికి వెళ్తే, నీ దగ్గరికి ఎవరొస్తారన్న ప్రశ్నకు మీ ఇంట్లోవాళ్లే జవాబు చెప్తారు.

గైనిక్_పీజీ:
అవ్వ టేబుల్ వేసే ముందు ఒక మాట. ఇంటి ముందు గదిలో కాన్పులు కుదరవమ్మా. ఆపరేషన్ పడితే అనస్థీషియా డాక్టర్ రావాలి, రక్తం దొరకాలి, బిడ్డను చూసే డాక్టర్ ఉండాలి. స్కాన్ మెషీన్ పెట్టాలంటే పీసీపీఎన్‌డీటీ (లింగనిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్, ప్రతి గర్భిణి స్కాన్‌కూ ఆ చట్టం కింద ఫారం ఎఫ్ నింపాలి. మా బ్రాంచిలో నిద్ర గురించి అడగొద్దు. అయినా నేను మారను. మొదటి కాన్పు చేసిన అమ్మాయి రెండోసారి నన్నే వెతుక్కుంటూ వస్తే ఆ సంతోషమే వేరు. అనస్థీషియాలో అది తక్కువ. అది లేకపోయినా నీకు సరిపోతుందా?

ర్యాంకు_ముందు:
ఇదంతా సరే, పీజీ సీటుకు నీట్ పీజీ పరీక్ష రాయాలి కదా. ప్రభుత్వ సీట్లలో సగం ఆల్ ఇండియా కోటా, దాన్ని ఎంసీసీ (కేంద్ర మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) చూస్తుంది. స్టేట్ కోటా ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ. రెండింటికీ విడిగా అప్లై చేయాలి. ఆప్షన్లు పెట్టేటప్పుడు నిజంగా కావలసింది పైన పెట్టు. "ఈ ర్యాంకుకు గైనిక్ వస్తుంది కదా, వేస్ట్ చేయడమెందుకు" అని గైనిక్ పైన పెడితే అదే వస్తుంది, తర్వాత ఏడ్చి లాభం లేదు.

తోతాపురి_డాక్టర్:
అక్కా, పొడవాటి కేసులో నాకు బోర్ కొట్టలేదు. కేసు ఆపమనడం మాత్రం నా వల్ల అవుతుందో లేదో. లేబర్ రూమ్‌లో సిస్టర్ గట్టిగా మాట్లాడితేనే నేను పక్కకు తప్పుకుంటాను. నాయనతో మాట్లాడాను, "జీతమొస్తుందా?" అన్నాడు, వస్తుందన్నాను, అంతే. ఎలక్టివ్‌కు (ఇంటర్న్‌షిప్‌లో మనం ఎంచుకునే పోస్టింగ్‌కు) అనస్థీషియానే అడుగుతున్నాను. ఆపరేషన్‌కు ముందు చెకప్ చేసే ఓపీలో కూర్చోవాలని ఉంది. ఇంటర్న్‌లను రానిస్తారా?

ఏరియా_ఆస్పత్రి_అక్క:
పొద్దున్నే వెళ్లి, కేస్ షీట్లు నేను రాస్తానని చెప్పు. ఎవరూ వద్దనరు.