పాటల మధ్య ఆ గ్యాప్ పోయేదెట్ల?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ, పెళ్లి బరాత్‌లకు డీజే నడుపుత. ఈ మధ్య అమెరికా పాప్ సింగర్ మడోన్నా 2005 ఆల్బం 'కన్ఫెషన్స్ ఆన్ ఎ డ్యాన్స్ ఫ్లోర్' వింటున్న. 2003ల వచ్చిన ఆల్బం అమెరికాల అంతగా నడవకపోతే, మ్యూజిక్ ప్రొడ్యూసర్ స్టువర్ట్ ప్రైస్‌ను తోడు తీసుకొని మొత్తం డిస్కో, ఎలక్ట్రానిక్ దిక్కు మళ్లింది. అప్పటికి ఆమెకు 47 ఏండ్లు! మన దగ్గరైతే ఆ వయసుకు అమ్మ పాత్రలు ఇస్తరు. అందులోని 'హంగ్ అప్' పాటల స్వీడన్ బ్యాండ్ ఆబ్బా వాళ్ల పాత ట్యూన్ ముక్కను అడిగి మరీ వాడుకుంది.

నాకు పిచ్చెక్కించింది ఏందంటే, 12 పాటలు ఎక్కడా ఆగవు. ఒక పాట అయిపోకముందే కింద నుంచి ఇంకో పాట బేస్ లేస్తది, డీజే సెట్ లెక్క.

సమస్య ఇక్కడే. సీడీ నుంచి ఎంపీ3 చేసి పెన్‌డ్రైవ్‌ల ఏస్తే, పాట మారేకాడ చిన్న 'టక్' అని తెగుతుంది. ఇంట్ల స్పీకర్ల తెలుస్తలేదు గానీ పెద్ద బాక్సుల మీద కాలు ఆగిపోతది. ఎంపీ3 చేసేటప్పుడే ముందు, వెనక కొంచెం ఖాళీ పడ్తదట. వేవ్ లేదా ఫ్లాక్ (క్వాలిటీ పోకుండ దాచే ఫైల్ రకాలు) చేస్తే పోతదా? లేక మొత్తం ఒకటే ఫైల్ చేసుడు మేలా?

ఇంకోటి: ఆ నాలుగు దెబ్బల బీట్ నుంచి మన తీన్మార్‌కు మారేటప్పుడు ఆడేటోళ్లు తడబడుతున్నరు. మధ్యల ఒట్టి డప్పు పెట్టి మార్చాల్నా, స్పీడ్ తగ్గించాల్నా? చేసినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పుండ్రి.