వీడియో ప్లేయర్ అస్సలు తెరుచుకోవట్లేదు, మూడుసార్లు రీఇన్‌స్టాల్ చేశా

వెన్నెల22:
హాయ్ అండి. విండోస్ 11 ల్యాప్‌టాప్. నిన్న రాత్రి దాకా బానే ఉన్న వీడియో ప్లేయర్ పొద్దున్నుంచి తెరుచుకోవట్లేదు, ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే రెండు సెకన్లు చక్రం తిరుగుతుంది అంతే, ఎర్రర్ కూడా చూపించదు. మూడుసార్లు తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా, రీస్టార్ట్ కూడా చేశా. నా క్లాసుల రికార్డింగులన్నీ ఇందులోనే చూస్తా, ఎల్లుండే పరీక్ష. ఎవరికైనా ఇలా అయిందా?

పాతమౌస్:
నాకయింది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి, డీటెయిల్స్‌లో ప్లేయర్ పేరు ఉందేమో చూడండి. నా దాంట్లో పాత ప్రాసెస్ ఒకటి ఇరుక్కుపోయి ఉండేది, ఒక్క విండోనే తెరవాలి అనే ఆప్షన్ ఆన్‌లో ఉండటంతో కొత్తగా ఎన్నిసార్లు క్లిక్ చేసినా ఆ ఫైలు వెళ్ళి ఆ ఇరుక్కున్న దానికే చేరేది, స్క్రీన్ మీద ఏమీ కనిపించేది కాదు. ఎండ్ టాస్క్ కొట్టగానే సెట్ అయింది.

వెన్నెల22:
చూశానండి, ప్లేయర్ పేరు అలా వచ్చి ఇలా మాయమైపోతోంది.

నిద్రలేనిరాత్రి:
మరి రెండో మానిటర్ ఏమైనా పెట్టేవారా? నేను ఇంకో స్క్రీన్ పీకేశాక విండో ఆ లేని స్క్రీన్ మీదే తెరుచుకునేది, ఆల్ట్ స్పేస్ నొక్కి తర్వాత ఎం నొక్కి బాణం గుర్తులతో లాక్కొచ్చా.

పాతమౌస్:
లేదు బ్రో, అదైతే ప్రాసెస్ నడుస్తూనే ఉంటుంది. వీళ్ళది మాయమవుతోందంటే క్రాష్ అవుతోందన్నమాట.

రాజా_టెక్:
కోడెక్ ప్యాక్ (రకరకాల వీడియో ఫార్మాట్లను విప్పే సాఫ్ట్‌వేర్ల మూట) వేసేయండి, అన్నీ ఆడతాయి.

కీబోర్డుపిల్ల:
దయచేసి వేయకండి!! కోడెక్ లేకపోతే ప్లేయర్ తెరుచుకుంటుంది, వీడియో మాత్రం ఆడదు, లేదా బొమ్మ రాకుండా శబ్దం ఒక్కటే వస్తుంది. ఇక్కడ ప్లేయరే లేవట్లేదు కదా. దేనికి మందు వేస్తున్నామో తెలియకుండా ఏదేదో ఇన్‌స్టాల్ చేస్తే రేపు అసలు తేడా ఎక్కడుందో కనిపెట్టడం ఇంకా కష్టం. డీఎల్ఎల్ ఫైల్ (ప్రోగ్రాములు నడవడానికి వాడుకునే సహాయక ఫైల్) లేదని మెసేజ్ వస్తే కూడా అంతే, ఊరూపేరూ లేని సైట్ల నుంచి ఆ ఒక్క ఫైలు దించుకోవద్దు, నాకు ఎంఎస్‌వీసీపీ140 అనే డీఎల్ఎల్ లేదని వస్తే మైక్రోసాఫ్ట్ సైట్‌లో విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ వేసుకున్నా, పోయింది.

వెన్నెల గారూ, ఒక సంగతి. అన్‌ఇన్‌స్టాల్ చేసినా చాలా ప్లేయర్ల సెట్టింగులు పోవు, అందుకే ముప్పైసార్లు వేసినా అదే జబ్బు. విండోస్ బటన్‌తో ఆర్ నొక్కి, పర్సెంట్ గుర్తు, యాప్‌డేటా, మళ్ళీ పర్సెంట్ గుర్తు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అక్కడ ప్లేయర్ పేరుతో ఫోల్డర్ ఉంటే డిలీట్ చేయకుండా పేరు మాత్రం మార్చి మళ్ళీ తెరవండి.

వెన్నెల22:
తెరుచుకుంది అక్కా!!! కానీ వీడియో ప్లే కొట్టగానే మూసుకుపోతోంది 😭

పెంగ్విన్‌బాబు:
లైనక్స్‌లో అయితే టెర్మినల్‌లోంచి నడిపితే ఎక్కడ ఆగిందో చాలావరకు అక్కడే రాస్తుంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్, దాని కింద అప్లికేషన్, అందులో ఇప్పటి టైమ్‌తో ఉన్న ఎర్రర్ నొక్కి ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్ (ఏ ఫైల్ దగ్గర క్రాష్ అయిందో దాని పేరు) అని ఉన్న లైన్ చూడండి.

వెన్నెల22:
చూశా. అక్కడ ఉన్న పేరు వెతికితే గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ చిప్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) ఫైల్ అని వచ్చింది. రాత్రి అప్‌డేట్ ఏదో పడింది, షట్‌డౌన్ చేసేటప్పుడు చూశా.

పాతమౌస్:
దొరికింది దొంగ. ప్లేయర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆఫ్ చేయండి, అప్పుడు వీడియో విప్పే పని గ్రాఫిక్స్ చిప్‌కి వెళ్ళకుండా ప్రాసెసరే చేసుకుంటుంది, ఫ్యాన్ కాస్త ఎక్కువ తిరగొచ్చు. పరీక్ష అయ్యాక డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, రోల్ బ్యాక్ డ్రైవర్. ఆ బటన్ మసగ్గా ఉంటే పాత డ్రైవర్ విండోస్ దగ్గర లేదని, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచి దించుకోవాలి.

నిద్రలేనిరాత్రి:
మరి మొదట్లో అసలు తెరుచుకోకపోవడం ఎందుకు? డ్రైవర్ తేడా అయితే వీడియో ఆడేటప్పుడే కదా పడిపోవాలి.

వెన్నెల22:
నాకూ ఇప్పుడే తట్టింది, పాత సెట్టింగుల్లో ప్లేయర్ తెరవగానే నిన్న ఆపిన వీడియో అక్కడి నుంచే మొదలయ్యేలా పెట్టుకున్నా, విండో కనిపించేలోపే అది ఆడబోయి పడిపోయేదేమో. డీకోడింగ్ ఆఫ్ చేశాక రెండు గంటల క్లాసు ఆగకుండా ఆడింది. ఇంకో ఐదు రికార్డింగులున్నాయి, వెళ్ళి చూసుకుంటా. చాలా థాంక్స్ అందరికీ, డ్రైవర్ సంగతి పరీక్షయ్యాక ఇక్కడే చెప్తా.

కీబోర్డుపిల్ల:
ఆల్ ది బెస్ట్ అమ్మాయ్. పేరు మార్చిన ఆ ఫోల్డర్ ఇప్పుడే పడేయకు, ప్లేలిస్టులు అందులో ఉండొచ్చు.