తిరుపతిలో పైన్ మొలకలు ఇంట్లోపల బతుకుతాయా?

బోన్సాయ్ చేసే అన్నలు అక్కలు ఎవరైనా ఉంటే కొంచెం చెప్పండి. జపనీస్ బ్లాక్ పైన్ విత్తనాలు తడి ఇసకలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత కొబ్బరి పొట్టు, అదే కోకోపీట్‌లో వేసినా, బాగానే మొలిచినాయి, కానీ నెత్తిన విత్తనం తొక్క ఊడకముందే కొన్ని మొదట్లో నల్లగా సన్నబడి పక్కకి వాలిపోతా ఉండాయి, ఇది డ్యాంపింగ్ ఆఫే (బూజు తగిలి మొలకలు మొదట్లో కుళ్ళిపోయే తెగులు) కదా? కోకోపీట్ తగ్గించి గరుకు ఇసక ఎక్కువ కలపాలా, ఫంగిసైడ్ ఇంత చిన్న మొలకలకి కొట్టొచ్చా?

మే నెలలో ఇక్కడ 40 దాటతాది, అందుకే మిద్దె మీద పెట్టకుండా లోపల గ్రో లైట్ కింద పెట్టినా, ఇప్పుడేమో కాడలు సాగిపోతున్నాయి. పైగా పైన్‌కి చలికాలం నిద్ర కావాలంటారు, మనకి చలెక్కడ! ఇక్కడికంటే కొంచెం చల్లగుండే మదనపల్లెలో అత్తోళ్ళింట్లో ఆరుబయట పెడితే ఏమన్నా మేలా, లేకుంటే పైన్ వదిలేసి చింతో జువ్వో పెట్టుకోమంటారా?