లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్: కాంపో చనిపోయే ఎపిసోడ్లు తాతకి చూపించొచ్చా?

పాకాల పిల్లోడు:
అందరికీ నమస్తే. మా తాత పాకాల పక్కన పల్లెలో ఉంటాడు, రైల్వేలో చేసి రిటైర్ అయినాడు. టీవీ సీరియల్స్ అంటే పడదు, ఎప్పుడు పెట్టినా ఏడుపులు, కుట్రలే కదరా అంటాడు. పండక్కి పోయినప్పుడు లాప్‌టాప్‌లో ఈ బీబీసీ కామెడీ పెట్టినా. 1973లో మొదలై 2010 దాకా నడిచింది, ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ కొండల్లో ముగ్గురు ముసలోళ్లు పనీపాటా లేకుండా తిరగతా, మాట్లాడుకుంటా, పిల్లచేష్టలు చేస్తా ఉంటారు, అంతే కథ. తాతకి ఇంగ్లీష్ అంతంత మాత్రం, ఆ యాస నాకే సగం అర్థం కాదు, అయినా తాత కుర్చీలోంచి లేవలా. ఆ ముగ్గురిలో ఒకడైన కాంపో రబ్బరు బూట్లు వేసుకోని పక్కింటి నోరా బ్యాటీ మెట్ల కాడికి పోయేది, ఆమె చీపురు ఎత్తుకోని తరిమేది చూసి కండ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వినాడు. ఇప్పుడు కాంపో అంటే 'మనోడు'.

అసలు సంగతి ఏందంటే, తాతకి ఒక స్నేహితుడు ఉండేవాడు. రోజూ సాయంత్రం గుడి అరుగు మీద ఇద్దరూ పులిజూదం ఆడేవాళ్లు, బండ మీదే గీతలు చెక్కిండారు, గులకరాళ్లు మూడు పులులు, చింతగింజలు మేకలు. ఆయన ఈమధ్యే పోయినాడు. తాత ఇప్పుడు కూడా అరుగు కాడికి పోతాడు గానీ ఆట ముట్టుకోడు. ఇక్కడేమో కాంపో వేషం వేసిన బిల్ ఓవెన్ 1999లో చనిపోతే, 2000లో వచ్చిన ఎపిసోడ్లలో కాంపో కూడా చనిపోయినట్టు రాసినారు. వరసగా చూస్తా పోతే ఎప్పుడో అక్కడికి వస్తాం. చూపించాలా, దాటేయాలా? చూసినోళ్లు చెప్పండప్పా.

హడ్డర్స్‌ఫీల్డ్‌లో తిరుపతోడు:
దాటేయొద్దు తమ్ముడూ. నేనుండేది ఆ షో తీసిన హోమ్‌ఫర్త్‌కి దగ్గర్లోనే, బస్సెక్కి పోయి వస్తా ఉంటా. షోలో వాళ్లు టీ తాగే సిడ్ కెఫే ఉంది, నోరా ఇల్లు, ఆ మెట్లు ఉండాయి. బిల్ ఓవెన్ పుట్టింది లండన్‌లో, కానీ ఆ ఊరి మీద ప్రేమతో నన్ను అక్కడే పూడ్చండి అన్నాడు, ఊరి పైన అప్పర్‌థాంగ్ చర్చి కాడ సమాధి చేసినారు. ముగ్గురిలో ఇంకొకడు, క్లెగ్ వేషం వేసిన పీటర్ శాలిస్ 2017లో 96 ఏళ్లకి పోతే ఆయన్నీ ఓవెన్ పక్కనే పెట్టినారు. మొదటి ఎపిసోడ్ నుంచి చివరిదాకా ఒక్కటి కూడా వదలకుండా చేసింది ఆ శాలిస్ ఒక్కడే. అందుకే ఆ చావు ఎపిసోడ్లలో క్లెగ్ మొహం చూస్తే అది నటన అనిపించదు, నిజంగా స్నేహితుణ్ణి పోగొట్టుకున్న మనిషే అక్కడ కూర్చోనుండాడు. జోకులు కూడా ఆగవు, ఏడిపించాలని మ్యూజిక్ పెట్టి సాగదీయరు. మీ తాతకి అది నచ్చుతుంది.

చిత్తూరు అక్క:
నచ్చేది వేరు, టైము వేరు నాయనా. తాత స్నేహితుడు పోయి ఇంకా ఎన్నాళ్లయిందని? నన్నడిగితే ఇప్పుడే వద్దు. అంత తొందరేం లేదు కూడా, మొత్తం 295 ఎపిసోడ్లు ఉండాయి, అన్నీ రాసింది రాయ్ క్లార్క్ ఒక్కడే. 1976లో ముగ్గురిలో మూడోవాడిగా ఫాగీ వస్తాడు, మిలిటరీలో పెద్ద వీరుణ్ణని గొప్పలు చెప్పుకుంటాడు చూడు, ఆడి నుంచి నిదానంగా చూపించు, చేష్టలు ఎక్కువ కాబట్టి భాష రాకున్నా ఇబ్బంది ఉండదు. మా అవ్వకి నేను అట్లనే చూపించినా. అవ్వకి మగోళ్ల కంటే ఆ ఆడోళ్లు టీ తాగతా మొగుళ్ల గురించి మాట్లాడుకునే సీన్లే ఇష్టం. వెస్లీ అనేవాడు షెడ్డులో గ్రీజు పూసుకోని వస్తే వాడి పెళ్లాం ఈడీ నేల మీద పేపర్లు పరిచి వాటి మీదనే నడవమంటది, అది చూసి అవ్వ 'నేనూ మీ తాతకి గోనెసంచి వేసేదాన్ని' అనింది.

ఇంకోటి, మన సీరియల్స్‌లో ముసలోళ్లుంటే ఒకటి దీవించడానికి, లేకపోతే కొడుకులు ఇంట్లోంచి తరిమేయడానికి. ఇందులో వాళ్లకి వాళ్ల రోజు ఉంది, వాళ్ల పంతాలు, వాళ్ల తిక్క ఉండాయి. అదే నాకు శానా నచ్చింది.

పుత్తూరు ఫ్యాన్:
అక్క చెప్పింది కరెక్ట్. ఒక చిన్న మాట, చివరి సీజన్లు మాత్రం ఆశ పెట్టుకోని చూడొద్దు, వయసు మీదపడి ఇన్సూరెన్స్ కుదరక శాలిస్‌నీ, ఇంకో ముసలి నటుడు ఫ్రాంక్ తోర్న్‌టన్‌నీ బయట షూటింగుకి పంపలేదు, ఇంట్లో సీన్లే. ఆ కొండలు లేకుండా వాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటది.

కాణిపాకం రోడ్డు పెద్దాయన:
బాబూ, నాకు డెబ్బై దాటింది, మీ తాత ఈడువాణ్ణే అనుకుంటా. మీరంతా చూపించాలా దాచిపెట్టాలా అని మాట్లాడుకుంటా ఉండారు గానీ ఆయన్ని అడగాలని ఎవరికీ తోచలేదు. నాతో బడికి వచ్చినోళ్లలో మిగిలింది ఇద్దరో ముగ్గురో. చావు కబురు మాకు కొత్త కాదు, మా ఎదురుగా ఆ మాట ఎత్తకుండా అందరూ తప్పించుకు తిరగడమే కష్టంగా ఉంటది. ముందే చెప్పు, 'తాతా, ముందు ముందు మనోడు చనిపోతాడు, చూస్తావా' అని. చూస్తానంటే పక్కన కూర్చో, ఫోన్ పక్కన పెట్టి కూర్చో. వద్దంటే వదిలెయ్. ఇంకో మాట, నీకు పులిజూదం వచ్చునా? రాకపోతే నేర్పించమని ఆయన్నే అడుగు.

పాకాల పిల్లోడు:
పెద్దాయనా, మీ మాట తలకెక్కింది. రాత్రే ఫోన్ చేసి అడిగినా. కాసేపు ఏమీ అనలా, తర్వాత 'ఆ చీపురామె ఏం చేస్తాదిరా అప్పుడు?' అన్నాడు. ఆమె కూడా ఏడుస్తాది తాతా అంటే, 'అయితే చూస్తా, నువ్వు వచ్చినప్పుడు' అన్నాడు. పులిజూదం అడిగితే మాత్రం 'చూద్దాంలే' అన్నాడు, మళ్లీ అడుగుతా. అక్క చెప్పినట్టు ఫాగీ నుంచే మొదలుపెడతాం. హడ్డర్స్‌ఫీల్డ్ అన్నా, అక్కడ డీవీడీలు దొరికితే ఒక సెట్టు పంపించగలవా? ఊర్లో నెట్ సరిగ్గా రాదు, డబ్బులు ముందే వేస్తా.