స్ట్రీట్ ల్యూజ్‌కు దుస్తులు, రక్షణ సామగ్రి ఎలా ఎంచుకోవాలి?

యర్రా తీరం (మెల్‌బోర్న్):

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, చదువు కోసం వచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాను. లాంగ్‌బోర్డుల (పొడవాటి స్కేట్‌బోర్డుల) మీద కొండ రోడ్లు దిగే ఒక బృందంతో కొంతకాలంగా తిరుగుతున్నాను. వారిలో కొందరు స్ట్రీట్ ల్యూజ్ ఆడతారు. చక్రాలున్న పొడవాటి బల్ల మీద వెల్లకిలా పడుకొని, పాదాలు ముందుకు చాచి, ఇంజను లేకుండా కేవలం రోడ్డు వాలుతోనే కిందికి దూసుకుపోయే ఆట ఇది. రాబోయే వేసవిలో, రాకపోకలు ఆపివేసిన రోడ్డు మీద నాకు నేర్పుతామన్నారు. బల్ల వాళ్లే ఇస్తారు. దుస్తులు, రక్షణ సామగ్రి మాత్రం నేనే సమకూర్చుకోవాలి.

నా దగ్గర లాంగ్‌బోర్డు హెల్మెట్టు, మోకాళ్లకు ప్యాడ్లు ఉన్నాయి. ఒకరు బైకు రేసింగులో వాడిన లెదర్ సూటును, దానితోపాటు హెల్మెట్టును తక్కువ ధరకు అమ్ముతామంటున్నారు. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ముందుగా దేని మీద ఖర్చు పెట్టాలి? వాడిన సామాను తీసుకోవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

శ్రీకాకుళం_సిడ్నీ:

యర్రా తీరం గారూ, రోడ్డెక్కక ముందే ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం.

1970లలో దక్షిణ కాలిఫోర్నియా కొండ రోడ్ల మీద ఈ ఆట మొదలైనప్పటి నుంచి నేటి వరకు దీనికంటూ చెప్పుకోదగ్గ దుస్తుల పరిశ్రమ ఏర్పడలేదు. 1995లో ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో చేరి ప్రపంచానికి తెలిసిన రోజుల్లో కూడా ఆటగాళ్లు మోటారుసైకిలు వారి సూట్లే వేసుకున్నారు. కాబట్టి మనం కొనే దాదాపు ప్రతి వస్తువూ కూర్చొని, ముందుకు వంగి నడిపే మనిషి కోసం తయారైనదే. దుకాణంలో అద్దం ముందు నిలబడి చూస్తే అది సరిపోయిందో లేదో తెలియదు. అక్కడే నేల మీద వెల్లకిలా పడుకొని, చేతులు ఒంటి పక్కన చాచి, తల కొద్దిగా ఎత్తి, మీ పాదాల మీదుగా ఎదుటి గోడను కొన్ని నిమిషాల పాటు చూడండి. మొహమాటపడకండి.

ఈ పరీక్షలో హెల్మెట్ల తేడా వెంటనే బయటపడుతుంది. స్పోర్ట్స్ బైకుల హెల్మెట్లలో కంటి ముందు ఖాళీ పైవైపు ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే ఆ రైడరు ట్యాంకు మీదికి వంగి పైకి చూస్తాడు. మనకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. గడ్డం దగ్గరి భాగం ఎత్తుగా ఉంటే రోడ్డే కనిపించదు. వెనుక అంచు మెడకు గాని, బల్లకు గాని తగలకూడదు. బరువు కూడా ముఖ్యమే, తలను గాలిలో నిలిపి ఉంచేది మెడ కండరాలే కనుక. ముఖాన్ని పూర్తిగా కప్పి, ఏఎస్/ఎన్‌జడ్‌ఎస్ 1698 (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రమాణం) గాని, ఈసీఈ 22.05 లేదా 22.06 (యూరప్ ప్రమాణాలు) గాని ముద్ర ఉన్న బైకు హెల్మెట్లలో తేలికైనది ఎంచుకోండి. ముఖం కప్పని లాంగ్‌బోర్డు హెల్మెట్టు దీనికి పనికిరాదు. వైజరు పారదర్శకంగానే ఉండాలి. చెట్ల నీడలోకి వెళ్లగానే నల్ల అద్దం వెనుక ఏమీ కనిపించదు.

వాడిన హెల్మెట్టు మాత్రం దయచేసి కొనవద్దు. లోపలి ఫోమ్ ఒక్క దెబ్బకే నలిగి తన పని ముగించుకుంటుంది, పై పెంకు చెక్కుచెదరకుండా కనిపించినా సరే. ఆ దెబ్బ ఇదివరకే తగిలిందో లేదో మీరు తెలుసుకోలేరు.

ఘాట్‌రోడ్డు (హైదరాబాద్):

నేను ల్యూజ్ ఆడలేదు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద బైకు నడుపుతాను. లెదర్ గురించి తెలిసినంత వరకు చెబుతాను.

గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. ఆ వేగంలో బల్ల మీద నుంచి జారిపడిన మనిషి, రోడ్డు చదునుగా ఉన్నా, ఆగే లోపు దాదాపు నలభై మీటర్లు, నాలుగు సెకన్ల పాటు రాసుకుంటూ పోతాడు. వాలు రోడ్డయితే ఇంకా ఎక్కువ. యంత్రం మీద పరీక్షించినప్పుడు మామూలు జీన్స్ గుడ్డ ఒక సెకను కూడా నిలవదు. నైలాన్, పాలిస్టరు ట్రాక్ సూట్లు మరీ ప్రమాదకరం. రాపిడి వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. అందువల్ల సూటు లోపల వేసుకునేది కూడా నూలుదో, సన్నని ఉన్నిదో అయితే మంచిది.

సూటు వాడినదైనా ఫరవాలేదు, కాని కుట్లు చూడండి. తోలు చిరగక ముందే కుట్టు విడిపోవడం తరచుగా జరిగేదే. భుజం, మోచేయి, తుంటి, పిరుదుల దగ్గర రెండు మూడు వరుసల కుట్టు ఉందా, తోలు 1.2 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉందా, ఎండి పగుళ్లు బారిందా అన్నవి చేత్తో తడిమి చూడాలి. కంగారూ తోలు అంతకన్నా పలుచగా ఉన్నా గట్టిది, తేలికైనది. ధర మాత్రం ఎక్కువ. రెండు ముక్కల సూటయితే నడుము చుట్టూ పూర్తిగా జిప్పు కలవాలి. కొత్తది కొనదలిస్తే, మీ దేశంలో మోటోక్యాప్ అనే ప్రభుత్వ కార్యక్రమం 2018 నుంచి బైకు దుస్తులను పరీక్షించి రాపిడికి, దెబ్బకు విడివిడిగా మార్కులు ఇస్తోంది. అది చూడకుండా కొనకండి.

రేసింగు సూట్ల వీపు మీద ఒక మూపురం ఉంటుంది. పడుకునేవారికి అది అడ్డమేనని నా ఊహ. శ్రీకాకుళం_సిడ్నీ గారు నిర్ధారించాలి.

శ్రీకాకుళం_సిడ్నీ:

నిజమే. మూపురం తలను ముందుకు నెడుతుంది, లేదా భుజాలను బల్ల మీద నిలవనివ్వదు. మూపురం లేని సూటు చూడండి, లేదా తోలు పని తెలిసినవారి చేత తీయించి వేయండి. రేసింగు సూట్ల మోచేతులు, మోకాళ్లు వంచి కుడతారు కనుక చాచినప్పుడు తోలు ముడతలు పడి రక్తప్రసరణను ఒత్తుతుంది. దూర ప్రయాణాల బైకర్లు వేసుకునే టూరింగు సూట్లు మనకు మెరుగు. వెన్ను రక్షణకు ఈఎన్ 1621-2 (వెన్ను కవచాల యూరప్ ప్రమాణం) ముద్ర ఉన్న పలుచని కవచం చాలు. మోకాళ్ల ప్యాడ్లను సూటు మీద కట్టుకోకండి, అవి పక్కకు జరిగిపోతాయి.

యర్రా తీరం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ హెల్మెట్టు వద్దని చెప్పేశాను. సూటును పడుకొని చూశాక నిర్ణయిస్తాను. బూట్లు, గ్లోవ్స్ సంగతి కూడా చెప్పగలరా? బైకు బూట్లు సరిపోతాయా?

శ్రీకాకుళం_సిడ్నీ:

బూట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఆటలో అవే బ్రేకులు. బల్లకు వేరే బ్రేకు ఉండదు; రెండు పాదాలనూ రోడ్డుకు అదిమి ఆపుకోవాలి. మామూలు స్పోర్ట్స్ బూట్ల అడుగున ఉండే మెత్తని ఫోమ్ కొద్దిసేపటికే అరిగి, వేడి నేరుగా అరికాలికి తగులుతుంది. అందుకే చాలామంది చీలమండను కప్పే గట్టి బూట్లు తీసుకొని, వాటి అడుగున కారు టైరు రబ్బరు ముక్కలను కాంటాక్ట్ సిమెంటు అనే జిగురుతో అతికిస్తారు. అతికించే ముందు రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది, జిగురు పూసి, అది చేతికి అంటకుండా ఆరాక బలంగా అదమాలి. ఒక రాత్రంతా బరువు కింద ఉంచితే మరీ మంచిది. టైరులోని ఉక్కు తీగలు ఒక్కటి కూడా మిగలకూడదు. బైకు బూట్లు పనికివస్తాయి గాని, వాటికీ ఈ రబ్బరు తప్పదు. పాదం ఏమాత్రం వంగనివ్వని రేసింగు బూట్లతో రెండు అడుగులనూ రోడ్డుకు సమంగా ఆనించడం కష్టం. తాళ్లున్న బూట్లయితే ముడి విడిపోకుండా పైన టేపు చుట్టండి.

గ్లోవ్స్ పూర్తి తోలువి, మణికట్టు దాటి సూటు చేతుల మీదికి వచ్చేవి కావాలి. మొదట్లో వేగం అందుకోవడానికి రెండు చేతులతో రోడ్డును వెనక్కి తోస్తాం కాబట్టి వేళ్ల కొసలు, అరచేయి త్వరగా అరుగుతాయి. అక్కడ అదనపు తోలు పొర ఉన్నది ఎంచుకోండి.

డబ్బు సంగతి అడిగారు గనుక: హెల్మెట్టు కొత్తది, సూటు వాడినదైనా మంచిది, గ్లోవ్స్ మధ్యరకం, బూట్లు పాతవే అయినా రబ్బరు మాత్రం కొత్తది. ప్రతి దిగుడు తర్వాత బూట్లను తిరగేసి చూడండి. ఒక అంచు లేవడం మొదలైందంటే ఆ జతతో మళ్లీ దిగవద్దు. అతికించి సిద్ధం చేసిన రెండో జత మీ సంచిలో ఉండాలి.